క్లబ్బులో పేరు రాయించుకున్న కుర్రాళ్లు

మన సంఘం సావనీరులో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పెళ్లి ఖర్చుల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. రావలసినవే. ఆటల గురించి మాత్రం కలం పట్టేవారు తక్కువ. ఆట అనేది పనీపాటా లేనివాడి వ్యవహారమని మన పెద్దల్లో చాలామంది అభిప్రాయం. ఇంట్లో కుర్రాడు "అబ్బా, నేను క్రికెట్ క్లబ్బులో చేరతాను" అన్ననాడు, తండ్రి పేపరు మీంచి తల ఎత్తకుండానే "మార్కుల సంగతి ముందు చెప్పు" అంటాడు. అమ్మీ వంటింట్లోంచి "ఆ తెల్ల ప్యాంటు ఎవరు ఉతకాలి?" అంటుంది. ఇద్దరూ అడిగినది సబబే.

ఈ నాలుగు మాటలు రాయడం ఆ కుర్రాణ్ణి వెనకేసుకు రావడానికీ కాదు, ఆ తల్లిదండ్రులను తప్పు పట్టడానికీ కాదు. మన హైదరాబాదులో ఒక కుర్రవాడు క్లబ్బులో చేరడమంటే ఏమిటి, ఆ గుమ్మం ఎవరికి తెరుచుకుంది, ఎలా తెరుచుకుంది, లోపలికి వెళ్లినవాళ్లు ఏమయ్యారు అన్న చరిత్రను పెద్దల ముందు ఉంచడమే నా ఉద్దేశం.

క్లబ్బు అన్న మాట మన దేశానికి దొరల వెంట వచ్చింది. కంటోన్మెంటులో తెల్లవాళ్లు ఆడుకుంటుంటే మనవాళ్లు గట్టున నిలబడి చూసేవారు. చూసి చూసి 1848లో బొంబాయిలో పార్సీ యువకులు ఓరియంటల్ క్రికెట్ క్లబ్ అని తమ సొంతానికి ఒకటి పెట్టుకున్నారు. తరువాత హిందువులు పెట్టుకున్నారు. 1883లో అదే ఊళ్లో మహమ్మడన్ క్రికెట్ క్లబ్ వెలిసింది. అంటే బొంబాయిలో క్లబ్బు గుమ్మం మీద కులమూ మతమూ రాసి ఉండేవన్న మాట. ఎవరి జట్టు వారిది. ఏటా జరిగే పెద్ద పోటీల్లో 1912 నుంచి ముస్లిం జట్టు కూడా ఆడింది. 1937లో మిగిలినవారి జట్టు కూడా వచ్చి అయిదు జట్ల పోటీ అయింది. 1946 తర్వాత ఆ పద్ధతే ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదయిందని నా అభిప్రాయం.

ఆ రోజుల్లో క్లబ్బులో చేరడం ఎంత కష్టమో తెలియాలంటే పల్వంకర్ బాలూ సంగతి వినాలి. పూనాలో దొరల జిమ్‌ఖానాలో పిచ్ చదును చేసి, నెట్లు కట్టే పనివాడు ఆయన. దళిత కుటుంబం. దొరలకు నెట్లో బంతులు వేసి వేసి గొప్ప స్పిన్నరయ్యాడు. పూనా హిందువుల క్లబ్బు గెలుపు కోసం ఆయన్ని జట్టులో చేర్చుకుంది గాని, విరామంలో టీ మాత్రం లోపలికి రానివ్వకుండా బయటే విడిగా ఇచ్చేవారు. అదే మనిషి 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో నూరుకు పైగా వికెట్లు తీశాడు. చేర్చుకోవడం వేరు, కలుపుకోవడం వేరు. ఈ తేడా మన సంఘం మీటింగుల్లో కూడా అప్పుడప్పుడూ గుర్తు చేసుకోదగ్గదే. సరే, అది వేరే కథ.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. హైదరాబాదు సంస్థానంలో నవాబ్ మొయినుద్దౌలా గారి పేరిట బంగారు కప్పు పోటీలు 1930-31లో మొదలయ్యాయి. దేశంలోని పేరుమోసిన ఆటగాళ్లంతా ఆ పోటీలకు సికింద్రాబాదు వచ్చేవారు. 1934లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంవత్సరమే దేశంలో రంజీ ట్రోఫీ కూడా మొదలయింది. మూడేళ్లు తిరిగేసరికి, అంటే 1937-38లో, ఆ ట్రోఫీ హైదరాబాదు గెలుచుకుంది. బొంబాయిలో నవానగర్ మీద ఫైనల్. చివరి ఇన్నింగ్సులో 310 పరుగులు చేయాలి. తొమ్మిది వికెట్లు పడిపోయాయి. ఒక్క వికెట్ తేడాతో గెలిచారు! కెప్టెన్ సయ్యద్ మహమ్మద్ హుస్సేన్ గారు, నిలబడి 137 పరుగులు కొట్టి అవుట్ కాకుండా గెలిపించినవాడు పార్సీ అయిన ఐబారా గారు. బొంబాయిలో మతానికొక జట్టుగా విడిపోయి ఆడుతున్న ఆ రోజుల్లోనే, అదే బొంబాయికి వెళ్లి ఒక ముస్లిం కెప్టెన్, ఒక పార్సీ బ్యాట్స్‌మన్ కలిసి కప్పు తెచ్చారు. ఈ ముక్క మన పిల్లలకు చరిత్ర పుస్తకంలో దొరకదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మన నగరంలో క్లబ్బులు ఎక్కువగా బస్తీని బట్టి, బడిని బట్టి, ఆఫీసును బట్టి పుట్టాయి. ఒక మైదానం పక్కన పదిమంది చేరితే క్లబ్బు. దానికొక పేరు, ఒక కిట్ బ్యాగు, ఆ బ్యాగును తన ఇంట్లో పెట్టుకునే ఒక భాయ్. నిజానికి ఆ భాయే క్లబ్బు. చందాలు వసూలు చేసేదీ, అసోసియేషన్‌కు ఫారాలు నింపి ఇచ్చేదీ, ఆదివారం పొద్దున్నే పదకొండు మందిని నిద్ర లేపేదీ ఆయనే. క్లబ్బుకు బిల్డింగు ఉండదు, బోర్డు ఉండదు. ఇరానీ హోటల్లో మూల టేబులే ఆఫీసు.

అటువంటి క్లబ్బులో చేరాలంటే ఇప్పటిలా ఫీజు కట్టి రసీదు తీసుకోవడం కాదు. ఎవరో ఒక పెద్దమనిషి వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి. మామూ కావచ్చు, అన్న స్నేహితుడు కావచ్చు, డ్రిల్లు మాస్టారు కావచ్చు. "చిచ్చా, ఈ పిల్లవాడు బాగా పరిగెత్తుతాడు" అని ఒక మాట. అంతే సిఫారసు. మర్నాటి నుంచి వాడు నెట్స్‌కు రావచ్చు. రావచ్చు అంటే బ్యాటు పట్టుకోవచ్చని కాదు సుమా! మొదట మ్యాటింగు మోయాలి. ఆ రోజుల్లో క్లబ్బుల ఆట చాలావరకు మ్యాటింగు మీదే. చాపను చుట్టి ఇద్దరు ముగ్గురు భుజాన వేసుకుని తెచ్చి, గట్టినేల మీద పరచి, లాగి, చుట్టూ మేకులు కొట్టాలి. ఎక్కడన్నా ముడత మిగిలితే బంతి పిచ్చిగా లేస్తుంది. తిట్లు పడేది మేకు కొట్టిన కుర్రాడికే. తర్వాత పెద్దలు బ్యాటింగ్ చేస్తుంటే బంతులు ఏరుకు రావాలి. పొద్దు గూకే వేళకు, వెలుతురు తగ్గి బంతి సరిగా కనిపించని సమయంలో, "ఏం మియా, నువ్వూ నాలుగు బంతులు ఆడు" అంటారు. ఆ నాలుగు బంతుల కోసమే సాయంత్రమంతా.

మ్యాచి రోజున పన్నెండోవాడుగా గాని, స్కోరు పుస్తకం రాయడానికి గాని వెళ్లాలి. ప్యాడ్లు, గ్లోవ్సులు క్లబ్బువే. అవుటై వచ్చినవాడు విప్పితే వెళ్లేవాడు తొడుక్కోవాలి. ఎవరికీ కొలత సరిపోదు. బూట్లు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. కాన్వాసు బూట్లకు రాత్రి సుద్ద రాసి కిటికీలో ఆరబెట్టుకునే పని మా తరం వాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరండాలో సుద్ద మరకలు పడితే ఇంట్లో అక్షింతలు వేరే.

ఇందులో ఒక న్యాయం ఉంది. బ్యాటు కొనలేని కుర్రాడు కూడా బంతి ఆపగలడు. డబ్బున్న ఇంటి పిల్లవాడు సొంత బ్యాటుతో వస్తాడు, నిజమే. కాని ఫీల్డింగుకు కావలసింది కాళ్లూ చేతులే. పేదింటి కుర్రాళ్లకు క్లబ్బు గుమ్మం చాలాసార్లు తెరిచింది ఫీల్డింగే.

దీనికి పెద్ద సాక్ష్యం సయ్యద్ ఆబిద్ అలీ గారు. 1941లో హైదరాబాదులో పుట్టారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, ఆల్ సెయింట్స్ హైస్కూల్లో చదివారు. 1956లో హైదరాబాదు స్కూళ్ల జట్టును ఎంపిక చేసేటప్పుడు సెలక్టర్ల కళ్లు ఆయన మీద పడ్డాయి. బ్యాటింగు చూసి కాదు, ఫీల్డింగు చూసి! ఆ ఏడు కేరళ మీద 82 పరుగులు చేశారు, ఉత్తమ ఫీల్డరు బహుమతి కూడా తీసుకున్నారు. 1958-59లో జూనియర్ జట్టు, మరుసటి ఏడాది రంజీ జట్టు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ వారు క్రికెట్ జట్టు పెట్టుకున్నప్పుడు ఆయనకు అందులో ఉద్యోగం దొరికింది.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. "మార్కుల సంగతి చెప్పు" అన్న తండ్రికి జవాబు ఇక్కడే ఉంది. 1941లో సంస్థానపు బ్యాంకుగా మొదలైన ఆ సంస్థ 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. ఆ బ్యాంకే కాదు, ఇంకా ఎన్నో బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు తమ జట్ల కోసం ఆటగాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకునేవి. పొద్దున ప్రాక్టీసు, పగలు కౌంటరు దగ్గర కుర్చీ, నెల తిరిగితే జీతం, పదవీ విరమణ తర్వాత పెన్షను. ఇండియాకు ఆడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లీగు మ్యాచుల్లో నాలుగు వికెట్లు తీసి గుమాస్తా ఉద్యోగం సంపాదించి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, తమ్ముళ్లను చదివించినవాళ్ల లెక్క ఎవరూ రాసి పెట్టలేదు. క్రికెట్ చరిత్ర రాసేవాళ్లు సెంచరీలు రాస్తారు గాని ఇవి రాయరు. మన కుటుంబాలకు మాత్రం ఇవే ముఖ్యం.

ఆబిద్ అలీ గారు బంతి వేయడం కూడా మొదటి నుంచీ కాదు. కొంతకాలం వికెట్ కీపింగ్ చేశారు. జట్టులో ఏ పని ఖాళీగా ఉంటే ఆ పని నేర్చుకున్నారు. క్లబ్బుల్లో పెరిగినవాళ్ల లక్షణమే అది. 1967 డిసెంబరులో ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర, గాయపడిన కెప్టెన్ పటౌడీ స్థానంలో తొలి టెస్టు ఆడే అవకాశం వచ్చింది. మొదటి ఇన్నింగ్సులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. అదే సిరీసులో సిడ్నీలో 81, 78 పరుగులు చేశారు. 1971లో వెస్టిండీసు వెళ్లిన భారత జట్టులో ఒక్క హైదరాబాదు నుంచే అయిదుగురున్నారు: జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. ఆ టూరులో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గవాస్కర్ గెలుపు పరుగు తీసినప్పుడు అవతలి కొసన నిలబడి ఉన్నది ఆబిద్ అలీ. ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు మీద గెలుపు బౌండరీ కొట్టింది కూడా ఆయనే. అది ఇంగ్లండు గడ్డ మీద భారతదేశానికి మొదటి టెస్టు విజయం. మొత్తం 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు. ఆ తర్వాత అమెరికాలో కాలిఫోర్నియా వెళ్లి స్థిరపడ్డారు. 2001-02లో మన ఆంధ్ర రంజీ జట్టుకు కోచ్‌గా పనిచేశారు. అరబ్ ఎమిరేట్స్ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. 2025 మార్చి 12న కాలిఫోర్నియాలోనే కన్నుమూశారు. ఫీల్డింగులో చురుకు, వికెట్ల మధ్య పరుగు, ఈ రెండింటికీ ఆయనను ఉదాహరణగా చెప్పేవారు.

ఆయన కంటే ముందు తరం గులాం అహ్మద్ గారిది. 1922లో పుట్టారు. ఎత్తయిన మనిషి, ఆఫ్ స్పిన్నరు. 1939-40లో, ఇంకా కుర్రవాడుగా ఉండగానే రంజీలోకి వచ్చారు. 1950-51లో హోల్కర్ జట్టు మీద ఒకే ఇన్నింగ్సులో 92 ఓవర్ల 3 బంతులు వేశారు. నమ్మబుద్ధి కాదు. ఈనాటి వన్డే మ్యాచిలో ఒక జట్టు మొత్తం వేసేది 50 ఓవర్లే. 1952లో ఢిల్లీలో పాకిస్తాన్ మీద చివరి వికెట్టుకు హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించారు. 1955 నవంబరులో మన ఫతే మైదానంలో మొదటి టెస్టు మ్యాచి జరిగినప్పుడు భారత జట్టు కెప్టెన్ ఆయనే. సొంత ఊళ్లో, సొంత మైదానంలో దేశానికి నాయకత్వం. ఆ మ్యాచిలోనే పాలీ ఉమ్రిగర్ 223 కొట్టి, టెస్టుల్లో భారతదేశం తరఫున మొదటి డబుల్ సెంచరీ చేశారు. ఫతే మైదానమే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది.

గులాం అహ్మద్ గారి మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ కూడా ఇక్కడి కుర్రవాడే. హైదరాబాదు తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1979-80లో ఆ దేశపు కెప్టెన్‌గా మన దేశానికి వచ్చి ఆడారు. ఒకే కుటుంబంలో ఇద్దరు, రెండు దేశాలకు కెప్టెన్లు. ఆ ఇంటి పెద్దవాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో మన ఇళ్లలో చాలామందికి విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాతి తరంలో అజహరుద్దీన్ సంగతి అందరికీ తెలిసిందే. ఆయనా ఆల్ సెయింట్స్ విద్యార్థే. 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టుతో వచ్చి, మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు చేసి 99 టెస్టులు ఆడారు. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేయడం, 2012లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం, ఈ మంచిచెడ్డలన్నీ పేపర్లలో చదివినవే కనుక ఇక్కడ పెంచను. 1986-87లో నరసింహారావు గారి నాయకత్వంలో హైదరాబాదు రెండోసారి రంజీ గెలిచింది. మొదటి గెలుపుకూ రెండో గెలుపుకూ మధ్య దాదాపు యాభై ఏళ్లు.

ఆ తర్వాత కథ అంత ఉత్సాహంగా లేదు. మైదానాలు తగ్గాయి, బ్యాంకుల్లో ఆటగాళ్లకు ఉద్యోగాలు తగ్గాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. క్లబ్బు ఉన్నవాడికి అసోసియేషన్‌లో ఓటు ఉంటుంది గనుక, కిట్ బ్యాగు మోసే భాయ్‌ల స్థానంలో ఓట్లు లెక్కపెట్టుకునేవాళ్లు రావడం మొదలయింది. ఒకే వ్యక్తి, ఒకే కుటుంబం చేతిలో రెండు, మూడు, అంతకు మించి క్లబ్బులు. 2023లో సుప్రీంకోర్టు నియమించిన ఏకసభ్య కమిటీ, విశ్రాంత న్యాయమూర్తి నాగేశ్వరరావు గారు, ఈ కారణంగా 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. ఇది ఎన్నికల గొడవ, మనకెందుకు అనుకోకూడదు. క్లబ్బు ఆట కోసం కాక ఓటు కోసం ఉన్నప్పుడు, "చిచ్చా, ఈ పిల్లవాడు బాగా పరిగెత్తుతాడు" అని చెబితే వినేవాడెవడు? సిఫారసు పాతదే, దాని ధరే మారింది. ఇవాళ కోచింగు ఫీజు, లెదర్ బంతులు, హెల్మెట్, బ్యాటు అన్నీ కలిపితే ఆటో నడిపే ఇంటికి అందే లెక్క కాదు.

అయినా ఆటో నడిపే ఇంటి నుంచే మహమ్మద్ సిరాజ్ వచ్చాడు. ఫస్ట్ లాన్సర్ ప్రాంతం కుర్రాడు, 1994లో పుట్టాడు. కోచింగు సెంటర్లు తెలియవు, టెన్నిస్ బంతితో గల్లీలో పెరిగాడు. చార్మినార్ క్రికెట్ క్లబ్బులో చేరాక అసలు బంతి చేతికి వచ్చింది. 2015 నవంబరులో రంజీ ఆడాడు. మరుసటి సీజనులో 41 వికెట్లు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయి, డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. ఆ టూరు చివర బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్సులో 5 వికెట్లు. 2025 ఆగస్టు 4న ఓవల్ మైదానంలో, 1971లో ఆబిద్ అలీ గారు గెలుపు బౌండరీ కొట్టిన అదే మైదానంలో, చివరి వికెట్ సిరాజ్ తీశాడు. భారతదేశం 6 పరుగుల తేడాతో గెలిచింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో అతనికి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. బ్యాంకు కౌంటరు కుర్చీ పోయి పోలీసు టోపీ వచ్చింది.

ఆడపిల్లల మాట ఎత్తకుండా ఆపితే మా ఇంట్లోనే ఒప్పుకోరు. మిథాలీ రాజ్ సికింద్రాబాదులో అన్న వెంట కోచింగుకు వెళ్లి బ్యాటు పట్టిన పిల్ల. భద్రాచలం నుంచి కూతురి ఆట కోసం తండ్రి కుటుంబాన్ని సికింద్రాబాదుకు మార్చగా పెరిగిన గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేళ్ల లోపు ఆడపిల్లల ప్రపంచ కప్పులో సెంచరీ చేసింది. ఆ కప్పు చరిత్రలో అదే మొదటి సెంచరీ. మొత్తం పోటీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే.

మన సభ్యుల్లో రైల్వేలో, బ్యాంకుల్లో, టెలిఫోన్స్‌లో స్పోర్ట్స్ కోటా మీద చేరి రిటైరైనవారు ఉండే ఉంటారు. పరేడ్ గ్రౌండ్స్‌లో, జిమ్‌ఖానాలో ఆడిన లీగు మ్యాచుల పాత స్కోరు పుస్తకాలు, ఫొటోలు అటకల మీద ఉంటే దయచేసి పారేయవద్దు. మొదట ఎవరు చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకెళ్లారో, మొదటి రోజున మ్యాటింగు ఎవరితో కలిసి మోశారో ఒక కాగితం మీద రాసి, తారీకుతో సహా కార్యదర్శి గారికి అందజేయగలరు.